పాత ఎలక్ట్రిక్ రేంజ్: ఐదు మెట్ల పొయ్యి రెండు మెట్లకే పనిచేస్తోంది, ఓవెన్ ఎలిమెంట్ ఆపినా ఆగలేదు

#1 · ఇత్తడిగిన్నె

అందరికీ నమస్కారం. మా అత్తగారి కాలం నాటి ఎలక్ట్రిక్ రేంజ్ మా ఇంట్లో ఉంది. 1950ల నాటిది. పైన నాలుగు కాయిల్ పొయ్యిలు, కింద ఓవెన్. నేమ్‌ప్లేట్ మీద 118/236 వోల్టులు అని ఉంది. తెల్ల ఎనామిల్ ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది. తీసేసి కొత్తది కొనుక్కోమని ఇంట్లో అందరూ అంటున్నారు కానీ నాకు మనసొప్పడం లేదు.

రెండు సమస్యలు. మొదటిది, ముందున్న పెద్ద పొయ్యి. దాని నాబ్‌కి ఐదు వేడి మెట్లు: హై, రెండు, మీడియం, లో, వార్మ్. హైలో పెట్టినా నీళ్లు మరగడానికి ఇదివరకటికి రెట్టింపు టైం పడుతోంది. బయటి చుట్టు ఎర్రబడుతుంది, లోపలి చుట్టు నల్లగానే ఉంటుంది. వార్మ్‌లో పెడితే అసలు వేడే లేదు.

రెండోది చాలా భయపెట్టింది. నిన్న ఓవెన్ వేడెక్కుతుండగా కింది ఎలిమెంట్ మీద ఒకచోట తెల్లటి వెలుగు వచ్చింది, వెల్డింగ్ చేస్తున్నట్టు. వెంటనే నాబ్ ఆఫ్‌కి తిప్పాను. అయినా సగం ఎలిమెంట్ ఎర్రగా వెలుగుతూనే ఉంది! బ్రేకర్ దింపితే గానీ ఆగలేదు.

పెద్ద పొయ్యికి కొత్త ఎలిమెంట్ కూడా తెప్పించాను. దానికి రెండే కాళ్లున్నాయి, పాతదానికి మూడు స్క్రూ టెర్మినల్స్. ఇప్పుడేం చేయాలి?

#2 · ఓమ్స్ మాస్టారు

అమ్మా, ముందు ఆ బ్రేకర్ అలాగే దించి ఉంచండి. దాని మీద కాగితం అంటించండి, ఇంట్లో ఇంకెవరూ ఎక్కించకుండా. మిగతాదంతా ఆ తర్వాతే.

ఓవెన్ సంగతి చెప్తాను, ఎందుకంటే ఆఫ్ చేసినా ఆగకపోవడం చూసి చాలామంది నాబ్ పాడైందనుకుంటారు. మీ ఎలిమెంట్ లోపల సన్నటి నిక్రోమ్ తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గట్టిగా దట్టించి, పైన లోహపు గొట్టం తొడుగుతారు. ఆ పొడి వేడిని బయటికి పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. తీగ ఒకచోట తెగి అక్కడ ఆర్క్ (తెగిన ఖాళీలోంచి కరెంటు నిప్పులా దూకడం) పుడితే పొడి, గొట్టం రెండూ కరిగి తీగ గొట్టానికి అంటుకుంటుంది. మీరు చూసిన తెల్లటి వెలుగు అదే.

మీ సప్లైలో రెండు లైన్లుంటాయి, వాటి మధ్య 240 వోల్టులు, ఒక్కోదానికీ బాడీకీ మధ్య 120. చాలా ఓవెన్లలో థర్మోస్టాట్ ఆ రెండు లైన్లలో ఒకదాన్నే తెంచుతుంది. రెండో లైన్ ఎలిమెంట్ దగ్గర ఇంకా బతికే ఉంటుంది. తీగ ఒళ్లంతా బాగున్నంత కాలం దానివల్ల ఇబ్బంది లేదు, కరెంటు తిరిగి వెళ్లే దారి లేదు కాబట్టి. మధ్యలో తీగ గొట్టానికి తగిలిందా, ఆ లైన్ నుంచి రేంజ్ బాడీలోకి దారి ఏర్పడుతుంది. సగం ఎలిమెంట్ వెలుగుతూనే ఉంటుంది.

మరి బ్రేకర్ ఎందుకు పడలేదంటారా? లెక్క చూడండి. 2500 వాట్ల ఎలిమెంట్ దాదాపు 23 ఓమ్‌లు. 240 మీద 10.4 ఆంపియర్లు. సరిగ్గా మధ్యలో తెగి బాడీకి తగిలితే మిగిలింది 11.5 ఓమ్‌లు, దాని మీద పడేది 120 వోల్టులు. మళ్లీ అదే 10.4 ఆంపియర్లు. బ్రేకర్‌కి మామూలు లోడ్‌కీ దీనికీ తేడా తెలియదు. మీరు చేత్తో దింపడమే సరైన పని.

ఓవెన్ ఎలిమెంట్ పోయినట్టే, అందులో అనుమానం లేదు. పై పొయ్యి సంగతి మాత్రం కొలవకుండా నేను చెప్పను.

#3 · రాగితీగ

అక్కా, తెప్పించిన రెండు కాళ్ల ఎలిమెంట్ వాపసు పంపకండి. ఐదు మెట్ల స్విచ్ తీసేసి ఇన్ఫినిట్ స్విచ్ (మెట్లు లేకుండా వేడిని ఎంత కావాలంటే అంత తిప్పుకునేది) పెట్టేయండి. ఈ రోజుల్లో మూడు టెర్మినల్స్ ఎలిమెంట్ కోసం వెతకడం టైం వేస్ట్. మా రేంజ్‌కి నేను అలాగే చేశాను, ఏ టెన్షన్ లేకుండా నడుస్తోంది.

#4 · పాతసామాను

ఒక్క నిమిషం తమ్ముడూ. ఇంకా రోగమేంటో తెలియకుండా ఆపరేషన్ ఎందుకు?

ఇత్తడిగిన్నె గారూ, మీ పొయ్యిలో రెండు కాయిల్స్ ఉన్నాయి. మూడు టెర్మినల్స్‌లో ఒకటి రెండింటికీ కామన్. స్విచ్ చేసేదల్లా ఈ రెండు కాయిల్స్‌ని 240 మీదో 120 మీదో, పక్కపక్కనో వరుసగానో కలపడం. ఒక్కో కాయిల్ 48 ఓమ్‌లనుకోండి. హైలో రెండూ 240 మీద, 2400 వాట్లు. రెండో మెట్టులో ఒక్క కాయిల్ 240 మీద, 1200. మీడియంలో రెండూ 120 మీద, 600. లోలో ఒక్కటి 120 మీద, 300. వార్మ్‌లో రెండూ ఒకదాని వెనక ఒకటి వరుసగా 120 మీద, 150 వాట్లు. కంపెనీని బట్టి వరుస కొద్దిగా మారొచ్చు, సూత్రం ఇదే.

ఇప్పుడు లోపలి కాయిల్‌కి కరెంటు అందడం లేదనుకోండి. హై కాస్తా 1200 అవుతుంది, అంటే రెండో మెట్టుతో సమానం. మీడియం 300, అంటే లోతో సమానం. వార్మ్‌లో వరుస తెగిపోతుంది కాబట్టి సున్నా. ఐదు మెట్లు రెండు మెట్లవుతాయి. మీ పొయ్యి అలాగే ప్రవర్తిస్తోందా? ప్రతి మెట్టులో వేడి ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని చెప్పండి.

#5 · ఇత్తడిగిన్నె

అచ్చంగా అదే! హైకీ రెండుకీ తేడా లేకపోవడం చూసి నాబ్ లోపల జారిపోతోందేమో అనుకున్నాను. మీడియం, లో కూడా ఒకేలా ఉండేవి. మీరు చూడకుండానే చెప్పేశారు.

అంటే లోపలి కాయిల్ తెగిపోయినట్టేనా?

#6 · ఓమ్స్ మాస్టారు

లోపలి కాయిల్‌కి కరెంటు అందడం లేదు. అంతవరకే తెలిసింది. కాయిల్ తెగి ఉండొచ్చు, స్విచ్‌లో కాంటాక్ట్ కాలి ఉండొచ్చు, మధ్యలో వైరో దాని జాయింటో పోయి ఉండొచ్చు. మూడింటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే.

మల్టీమీటర్ ఉంటే ఇలా కొలవండి. బ్రేకర్ దించాక కూడా, ముందు పనిచేస్తున్న ఏదైనా ప్లగ్‌లో మీటర్ వోల్టేజ్ చూపిస్తోందో లేదో చూడండి. తర్వాత రేంజ్ టెర్మినల్ బ్లాక్ దగ్గర లైన్‌కీ లైన్‌కీ మధ్య, ఒక్కో లైన్‌కీ బాడీకీ మధ్య చూడండి. అన్నీ సున్నా రావాలి. మళ్లీ ఆ ప్లగ్ దగ్గరికెళ్లి మీటర్ ఇంకా పనిచేస్తోందని తేల్చుకోండి. మీటరే చచ్చిపోయి సున్నా చూపించిన సందర్భం నా సర్వీసులో చూశాను, అందుకే ఈ మూడో అడుగు వదలొద్దంటాను.

పొయ్యి వైర్లు మూడూ విప్పేశాకే ఓమ్స్ కొలవాలి. విప్పకపోతే మిగతా కాయిల్స్ గుండా దొంగదారి దొరికి రీడింగ్ తప్పుగా వస్తుంది. కామన్ నుంచి ఎడమకి, కామన్ నుంచి కుడికి, ఎడమ నుంచి కుడికి, చివరగా ఒక్కోదాని నుంచి గొట్టం పైభాగానికి. ఏ వైరు ఎక్కడిదో విప్పేముందే ఫొటో తీసుకోండి, టేపు మీద నంబరు రాసి అంటించండి.

#7 · చిన్నస్క్రూ

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇలాంటి రేంజ్ ఒకటి నాకు దొరికింది కానీ మాకు 230 వోల్టుల సింగిల్ ఫేజ్ సప్లై. 236కీ 230కీ పెద్ద తేడా లేదు కదా, కలిపేయొచ్చా?

#8 · పాతసామాను

కలపొద్దు. ఆ రేంజ్ ఉత్తర అమెరికా సప్లై కోసం చేసింది. అక్కడ లైన్‌కీ లైన్‌కీ మధ్య 240, లైన్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 120. మీ దగ్గర లైన్‌కీ న్యూట్రల్‌కీ మధ్యే 230. వోల్టేజ్ రెట్టింపైతే వాట్లు నాలుగింతలు. 120 కోసం లెక్కపెట్టిన మీడియం, లో, వార్మ్ మెట్లన్నీ దాదాపు నాలుగింతలు కాలతాయి. ఓవెన్ బల్బు, గడియారం కూడా 120వే, అవి వెంటనే పోతాయి. దీని గురించి వేరే టాపిక్ మొదలుపెట్టండి, వివరంగా మాట్లాడుకుందాం.

#9 · ఇత్తడిగిన్నె

కొలిచాను మాస్టారూ. పొయ్యి దగ్గర స్క్రూలు తుప్పు పట్టి కదల్లేదు. అందుకని స్విచ్ వైపు వైర్లు విప్పి ఆ చివర్ల దగ్గర కొలిచాను. కామన్ నుంచి ఎడమకి 45.2. కామన్ నుంచి కుడికి మీటర్ ఓఎల్ అంటోంది, అంటే దారి తెగినట్టు. బాడీకి దేని నుంచీ ఏమీ లేదు. మా ఆయన అప్పుడే అన్నారు, "ఇంకేం, కాయిల్ పోయింది" అని.

#10 · ఓమ్స్ మాస్టారు

ఇంకా అనలేం. మీరు కొలిచింది కాయిల్‌ని మాత్రమే కాదు, వైరు, లగ్ (వైరు చివర స్క్రూ కింద బిగించే లోహపు ముక్క), స్క్రూ, కాయిల్ అన్నీ కలిపి. తుప్పు పట్టిందని మీరే చెప్పిన జాయింటు ఆ దారిలోనే ఉంది. ఎలిమెంట్ నుంచి బయటికొచ్చే పిన్ను మీదే మీటర్ మొన ఆనించాలి. పిన్ను నల్లగా ఉంటే చిన్న గరుకు కాగితంతో కొంచెం మెరిసేదాకా రుద్దండి.

స్క్రూ కోసం చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. స్క్రూ తలకి సరిగ్గా సరిపోయే డ్రైవర్ వాడండి. బలవంతం చేస్తే టెర్మినల్ కింద పింగాణీ పగులుతుంది, అది దొరకడం ఎలిమెంట్ దొరకడం కన్నా కష్టం.

#11 · మైకా

ఇత్తడిగిన్నె అక్కా, డ్రైవర్ పట్టుకునే ముందు ఒక్క మాట. ఆ వైర్ల మీది తొడుగు ఎలా ఉంది? బూడిద రంగులోనో మురికి తెలుపులోనో, పీచుపీచుగా, పాత దారంలా ఉంటే అది ఆస్బెస్టాస్ కావొచ్చు. ఆ కాలం రేంజ్‌ల లోపలి వైర్లకి అది మామూలే. కొన్నింటి ఓవెన్ తలుపు గ్యాస్కెట్లలో కూడా వాడారు.

దాన్ని గీకొద్దు, బ్రష్ చేయొద్దు, ఊదొద్దు, వ్యాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టొద్దు. మామూలు క్లీనర్ ఆ పీచును వెనక నుంచి గదంతా చల్లుతుంది. గుడ్డ మాస్క్ ఆపలేదు. అనుమానంగా ఉంటే ముక్క ల్యాబ్‌లో పరీక్ష చేయించి, అదేనని తేలితే ఆ పని తెలిసినవాళ్ల చేత తీయించండి. ఎలిమెంట్ ఒక నెల ఆలస్యమైనా నష్టం లేదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది మళ్లీ బయటికి రాదు.

#12 · ఇత్తడిగిన్నె

మైకా గారూ, మీరు చెప్పినట్టే ఉంది. ముందు వైపు రెండు వైర్లు పీచుపీచుగా ఉన్నాయి. పై పెట్టె మూసేసి అక్కడితో ఆపేశాను. పరీక్షకి ఇస్తాం. అప్పటిదాకా ఇటు రాను.

#13 · రాగితీగ

ఈలోగా అడుగుతున్నాను, నిజంగా తెలుసుకోవాలనే. ఇన్ఫినిట్ స్విచ్ పెడితే తప్పేంటి పాతసామాను అన్నా? ఎన్ని మెట్లు కావాలంటే అన్ని మెట్లు కదా.

#14 · పాతసామాను

తప్పని అనను తమ్ముడూ. రెండూ వేడిని వేర్వేరుగా ఇస్తాయి. ఇన్ఫినిట్ స్విచ్ ఎప్పుడూ పూర్తి 240 ఇస్తుంది, లోపలి బైమెటల్ పట్టీ వంగి కాసేపు ఆపుతుంది, మళ్లీ కలుపుతుంది. చిన్న మంట కావాలంటే తక్కువసేపు కలుపుతుంది, అంతే. కలిపినప్పుడు మాత్రం 2400 వాట్లూ వస్తాయి. పలచని గిన్నెలో అడుగు ఉడుకుతూ ఆగుతూ ఉంటుంది. ఐదు మెట్ల స్విచ్ వార్మ్‌లో 150 వాట్లు ఆగకుండా ఇస్తుంది. గంటసేపు ఒకే వేడి. చిన్న మంట మీద గరిట తిప్పుకుంటూ నిలబడేవాళ్లకి ఆ తేడా చేతికి తెలుస్తుంది. నేను దాన్ని కాపాడుకోవాలనేది అందుకే.

స్విచ్ పూర్తిగా పోయి ఎక్కడా దొరకనప్పుడు మార్చడమే దారి. అప్పుడు కూడా పాత ఎలిమెంట్ పారేయనక్కర్లేదు. రెండు కాయిల్స్‌నీ పక్కపక్కన కలిపి ఇన్ఫినిట్ స్విచ్ మీద 240కి పెట్టొచ్చు, స్విచ్ ఆ ఆంపియర్లకి సరిపోతే. చేయకూడనిది ఒక్కటే, సగం మార్చడం. రెండు కాళ్ల ఎలిమెంట్‌ని ఐదు మెట్ల స్విచ్‌కి తగిలిస్తే కొన్ని మెట్లు పనిచేయవు, కొన్ని పనిచేయాల్సిన దానికన్నా ఎక్కువ కాలతాయి.

#15 · రాగితీగ

సరే అన్నా, ఆ 150 వాట్ల సంగతి నేను ఆలోచించలేదు. నేను తీసేసిన పాత స్విచ్ పాడవలేదు, పనిచేసేదే. దాచి ఉంచాను. మళ్లీ పెడతాను.

#16 · ఇత్తడిగిన్నె

మూడు వారాల తర్వాత వస్తున్నాను. రిపోర్టులో ఆస్బెస్టాస్ అనే తేలింది. లైసెన్సున్న మనిషి వచ్చి, వైర్లు తడిపి, తీసి, సంచిలో కట్టి పట్టుకెళ్లారు. పొయ్యి ఎలిమెంట్ కూడా విప్పి శుభ్రంగా నా చేతికిచ్చారు.

మాస్టారూ, పిన్నుల మీద కొలిచాను. కామన్ నుంచి ఎడమకి 45.2. కామన్ నుంచి కుడికి 46.1! ఎడమ నుంచి కుడికి 91.3. కాయిల్ బతికే ఉంది!

కుడి వైపు లగ్ చూస్తే అర్థమైంది. స్క్రూ కింద ఉండాల్సిన రాగి పోగులు నల్లగా మాడి, పెళుసుగా అయిపోయాయి. వేలితో తాకితే పొడిలా రాలాయి. స్క్రూ తల నీలం రంగుకి తిరిగింది. కొత్త ఎలిమెంట్ తెచ్చి అదే లగ్‌కి బిగించి ఉంటే ఏమయ్యేదో!

#17 · ఓమ్స్ మాస్టారు

45.2, 46.1 కూడితే 91.3. లెక్క సరిపోయింది, కాయిల్ రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. 48కి కొంచెం తక్కువ ఎందుకని అడుగుతారేమో. నిక్రోమ్ చల్లగా ఉన్నప్పుడు నిరోధం కొద్ది శాతం తక్కువగా ఉంటుంది, ఎర్రబడ్డాక పెరుగుతుంది.

ఆ లగ్ కథ చాలా ఇళ్లలో ఇదే. స్క్రూ వేడికి సాగి, చల్లారి ముడుచుకుని, ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతుంది. వదులైన చోట నిరోధం పెరుగుతుంది. ఆ కాయిల్‌లో 5 ఆంపియర్లు పోతుంటే, జాయింటులో 2 ఓమ్‌లు చేరినా చాలు, ఆ చిన్న స్క్రూ దగ్గరే 50 వాట్లు పుడతాయి. టంకం పెట్టే ఐరన్ అంత వేడి, గింజంత చోటులో. అది రాగిని ఇంకా మాడుస్తుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. కొత్త ఎలిమెంట్ బిగించినా ఆ లగ్ దాని పిన్నునీ తినేసేది.

#18 · మైకా

మంచి వార్త అక్కా. కొత్త వైర్ల గురించి నా మాట. ఎలిమెంట్ పక్కన మామూలు పీవీసీ వైరు వేయొద్దు, కరిగిపోతుంది. 450 డిగ్రీల సెల్సియస్ తట్టుకునే మైకా, గాజు పోగుల తొడుగున్న వైరు దొరుకుతుంది, అది వేయండి. మందం పాతదానికన్నా తగ్గకూడదు. లగ్‌లు నికెల్ పూత ఉన్నవి, క్రింప్ చేసేవి (పట్టకారుతో నొక్కి బిగించేవి). టంకం పెట్టొద్దు, మామూలు టంకం 190 డిగ్రీల లోపే కరిగి జారిపోతుంది. వైర్లు మెలిపెట్టి పైన తొడిగే ప్లాస్టిక్ టోపీలు కూడా వద్దు. స్క్రూ, వాషర్ కూడా కొత్తవే వేయండి, నీలం తిరిగింది మళ్లీ వాడొద్దు.

#19 · పాతసామాను

ఓవెన్ ఎలిమెంట్ కోసం వెతికేటప్పుడు పాతది చేతిలో పెట్టుకుని కొలతలు రాసుకోండి. వెడల్పు, లోతు, వెనక గోడలోకి దూరే కాళ్ల పొడవు, ప్లేట్ మీద స్క్రూ రంధ్రాల మధ్య దూరం, చివర స్క్రూనా స్పేడా (తోసి తగిలించే చదును పట్టీ), వోల్టులు, వాట్లు. బ్రాకెట్ మీద చెక్కిన నంబరు ఉంటుంది, తుడిస్తే కనిపిస్తుంది. ఆకారం సరిపోయి వాట్లు బాగా ఎక్కువైతే పాత థర్మోస్టాట్ కాంటాక్టులు కాలతాయి. ఏదీ కుదరకపోతే ట్యూబ్ హీటర్లు చేసేవాళ్లు నమూనా చూసి అలాగే వంచి ఇస్తారు.

ఎక్కడో గోడౌన్‌లో ఏళ్లుగా వాడకుండా ఉన్న పాత స్టాకు దొరికితే వెంటనే బిగించేయొద్దు. మెగ్నీషియం ఆక్సైడ్ గాలిలో తేమ పీలుస్తుంది. గొట్టం చివర్ల నుంచి తేమ దిగి, తీగ నుంచి గొట్టానికి కరెంటు లీకవుతుంది. వేరే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజ్‌తో లీకేజీ కొలిచే మీటర్) ఇన్సులేషన్ చూసి, అప్పుడు బిగించాలి.

#20 · ఇత్తడిగిన్నె

ఓవెన్‌కి సరిపోయేది దొరికింది. 2500 వాట్లే కానీ 240 వోల్టులు అని ఉంది. పాతది 236. పరవాలేదా?

#21 · ఓమ్స్ మాస్టారు

పరవాలేదమ్మా. పాతది 240 మీద 2585 వాట్ల దాకా ఇచ్చేది, ఇది 2500 ఇస్తుంది. మూడు శాతం తేడా. థర్మోస్టాట్ ఇంకో నిమిషం ఎక్కువసేపు కలిపి ఉంచుతుంది, అంతే.

బిగించేటప్పుడు వెనక గోడ స్క్రూలు విప్పి ఎలిమెంట్‌ని మెల్లగా ముందుకు లాగండి. వైర్లు కొంచెమే వస్తాయి. విప్పగానే బట్టల క్లిప్పు పెట్టండి, లేకపోతే వెనక్కి జారి ఇన్సులేషన్‌లో పడిపోతాయి, అప్పుడు రేంజ్ మొత్తం వెనక నుంచి విప్పాలి. పక్కనే సన్నటి గొట్టంలా ఉండేది థర్మోస్టాట్ బల్బు. అది వంగకూడదు, నలగకూడదు, కొత్త ఎలిమెంట్ దానికి తగలకూడదు.

ఇంకొకటి. అంత పాత రేంజ్‌కి మూడు వైర్ల కార్డు ఉండి, బాడీ ఒక పట్టీతో న్యూట్రల్‌కి కలిపి ఉండొచ్చు. అమెరికా విద్యుత్ నియమావళి 1996 నుంచి కొత్త సర్క్యూట్లకి నాలుగు వైర్లు అడుగుతోంది, నాలుగోది బాడీకి విడిగా ఎర్త్. మీ గోడలో నాలుగు వైర్ల సాకెట్ ఉంటే కార్డు మార్చి, ఆ న్యూట్రల్ పట్టీ తీయించాలి. ఆర్క్ వచ్చిన రోజు కరెంటు మీ రేంజ్ బాడీలోకే పోయింది కదా. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు దగ్గరుండి ఇది చూపించండి.

#22 · ఇత్తడిగిన్నె

అన్నీ అయ్యాయి. ఎలక్ట్రీషియన్ గారు నాలుగు వైర్ల కార్డు వేసి, పట్టీ తీసి, పొయ్యికి మైకా వైర్లు క్రింప్ చేసి ఇచ్చారు. ఓవెన్ ఎలిమెంట్ ఆయన చూస్తుండగా నేనే బిగించాను. కిటికీలు తెరిచి అరగంట ఖాళీగా వేడి చేశాం. మొదటి పది నిమిషాలు కొంచెం పొగ, నూనె మాడిన వాసన వచ్చి తగ్గిపోయాయి.

పెద్ద పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టి హై తిప్పాను. బయటి చుట్టు ముందు ఎర్రబడింది, లోపలి చుట్టు కొన్ని క్షణాల తర్వాత. రెండూ కలిసి ఎర్రబడటం చూసి ఎన్నాళ్లయిందో! తర్వాత మెట్టు మెట్టుకీ తిప్పి చూశాను. ఐదు వేళ్లలా ఐదూ వేర్వేరుగా ఉన్నాయి. వార్మ్‌లో గిన్నె అంచు పట్టుకుంటే గోరువెచ్చగా.

తెప్పించిన రెండు కాళ్ల ఎలిమెంట్ వాపసు పంపేశాను. తీసిన ఓవెన్ ఎలిమెంట్ మాత్రం దాచాను. కరిగిన చోట గొట్టం పగిలి, లోపల తెల్ల పొడి, దాని మధ్య తెగిన తీగ కొన స్పష్టంగా కనిపిస్తున్నాయి. మా అబ్బాయికి చూపించి మాస్టారు చెప్పిన 11.5 ఓమ్‌ల లెక్క వాడి చేత చేయించాను.

#23 · ఓమ్స్ మాస్టారు

చాలా సంతోషం అమ్మా. ఒక నెల వాడాక బ్రేకర్ దించి, ఆ మూడు స్క్రూలూ ఒకసారి బిగించి చూడండి. కొత్త లగ్ మొదట్లో కాస్త సర్దుకుంటుంది. మిగతా మూడు పొయ్యిల జాయింట్లు కూడా అదే రోజు తీసి చూడండి, అవీ అదే వయసువి.